నాగేంద్రునికి పాలు, పాముకు ఆహారం

దీపావళి అమావాస్య గడచిన నాలుగవ నాడు కార్తీక శుద్ధ చవితి. ఆనాడు పల్నాటి సీమలో పుట్ట లేని ఊరు ఉండవచ్చునేమో గాని, పుట్టకు పోని ఇల్లు ఉండదు. తెల్లవారుజాముననే తలస్నానం చేసి, చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, కోడిగుడ్లు, చెంబుతో ఆవుపాలు పట్టుకొని, పిల్లాపాపలతో పొలం గట్ల వెంట నడిచి వెళ్ళే ఆచారం మనకు తరతరాలుగా వస్తున్నది. ఈ నేలకు నాగులతో గల అనుబంధం అంతటిది. కారంపూడి మీదుగా ప్రవహించే ఏరుకే నాగులేరని పేరు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలలో పడగలు విప్పిన నాగరాజులు నేటికీ మనకు దర్శనమిస్తారు. కోటప్పకొండపై వెలసిన త్రికూటేశ్వరస్వామి నాగాభరణుడే కదా. రావి, వేప కలిసి పెరిగిన ప్రతి చోటా ఒక నాగశిల పసుపు కుంకుమలతో కనిపిస్తుంది.

ఇట్టి భక్తితోనే ఒక దాత ఇటీవల మన ధర్మకర్తల మండలికి ఒక కోరిక తెలిపారు. ఆలయ ప్రాంగణంలో అద్దాల గది ఒకటి నిర్మించి, కోరలు తీసిన త్రాచుపామును అందులో ఉంచి పెంచితే, భక్తులు ప్రతి దినమూ ప్రత్యక్ష నాగేంద్రునికి పాలు సమర్పించుకొంటారని, నిర్మాణానికీ పోషణకూ అయ్యే వ్యయమంతా తామే భరిస్తామని వారి అభిప్రాయం. వారి సంకల్పంలో లోపమేమీ లేదు. అయితే ఇందులో జీవశాస్త్రానికి సంబంధించిన విషయం ఉన్నందున, నరసరావుపేటలో చాలాకాలం జంతుశాస్త్రం బోధించిన నన్ను, ఆ కోరికకు సమాధానాన్ని భక్తులందరికీ తెలిసే విధంగా ఈ పత్రికలో వ్రాయవలసిందిగా మండలివారు కోరారు. పాము ఏమి తింటుంది? ఎలా తింటుంది? పాలు త్రాగిస్తే దానికి ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం తెలిస్తే, ఆ కోరిక తీర్చదగినదో కాదో ఎవరికి వారే నిర్ణయించుకోగలరు.

పేర్లలోనే ఉన్న సంగతులు

మన పూర్వులు పామును ఎంత శ్రద్ధగా గమనించారో తెలియాలంటే దానికి వారు పెట్టిన పేర్లను చూస్తే చాలు. అమరకోశంలో పాముకు ఇరవైకి పైగా పర్యాయపదాలున్నాయి. వాటిలో ‘బిలేశయము’ ఒకటి. బిలంలో శయనించేది అని అర్థం. పాము తనంత తాను పుట్ట పెట్టదు. చెదపురుగులు కట్టిన పుట్టలోనో, ఎలుక తవ్విన కన్నంలోనో తలదాచుకొంటుంది. ‘చక్షుశ్శ్రవస్సు’ మరొకటి. కన్నులే చెవులుగా గలది అని అర్థం. పాముకు బయటకు కనిపించే చెవులు లేవు. నాగస్వరం ఊదినప్పుడు అది పడగ ఊపడానికి ముఖ్యకారణం సంగీతం కాదు. ఎదుట ఇటూ అటూ కదిలే బూరను అది కన్నార్పక కనిపెట్టుకొని ఉండడమే. అసలు దానికి ఆర్పడానికి కనురెప్పలే లేవు.

మన విషయానికి మిక్కిలి దగ్గరి పేరు ‘పవనాశనము’. తెలుగులో దీనినే గాలిదిండి, గాలిమేపరి అన్నారు. గాలినే ఆహారంగా తీసుకొనేది అని భావం. పాము గాలి తిని బ్రతకదు, నిజమే. కాని వారాల తరబడి ఏమీ తినకుండా ఉండగల ప్రాణిని చూసి పెద్దలు ఆ మాట అన్నారు. ఈ పేర్లన్నింటిలో పాలు త్రాగేది అనే అర్థమిచ్చే పేరు ఒక్కటీ లేకపోవడం గమనింపదగినది. పామును పుట్టలో, పొలంలో నిత్యమూ చూసినవారికి అది పాలు త్రాగుతుండగా కనబడలేదన్నమాట.

ఏ పాము ఏమి తింటుంది

ప్రపంచంలోని పాములన్నీ మాంసాహారులే. ఆకులు, పండ్లు, గింజలు తిని జీవించే పాము ఒక్కటి కూడా లేదు. వేటినే తింటుంది, తిన్నది జీర్ణించుకొంటుంది, నీరు త్రాగుతుంది. ఇంతే దాని భోజనం.

మన ప్రాంతపు త్రాచుపాముకు ముఖ్యాహారం ఎలుకలు, కప్పలు. పక్షి పిల్లలను, గుడ్లను, ఒక్కొక్కప్పుడు ఇతర పాములను కూడా అది మ్రింగుతుంది. జెర్రిపోతు పగటిపూట తిరిగి ఎలుకలను, కప్పలను వేటాడుతుంది. దానికి విషం లేదు. రక్తపింజరి పొదల చాటున కదలక మెదలక పొంచి ఉండి ఎలుకలను పడుతుంది. కట్లపాము రాత్రివేళ తిరుగుతూ చిన్న పాములను, బల్లులను, ఎలుకలను తింటుంది. చిన్న పింజరి తేళ్ళను, జెర్రులను కూడా విడిచిపెట్టదు. చెరువుల్లో, కాలువల్లో ఉండే నీటిపాముకు చేపలు, కప్పలు ఆహారం. వానపామువలె కనిపించే గుడ్డిపాము చీమల గుడ్లను, చెదపురుగులను తిని బ్రతుకుతుంది. మన రాష్ట్రపు ఉత్తర సరిహద్దు కొండలలో ఉండే గిరినాగుకు ఇతర పాములే ప్రధానాహారం.

నాగార్జునసాగర్ కుడికాలువ క్రింద వరి పండించే రైతుకు, మిర్చి, పత్తి వేసే రైతుకు ఎలుక, పందికొక్కు ఎంతటి శత్రువులో వేరుగా చెప్పనక్కరలేదు. గట్లను తొలిచి, కంకులను కొరికి, కళ్ళంలోని ధాన్యాన్ని కన్నాలలోకి చేరవేసే ఆ జంతువుల కన్నంలోకి దూరి పట్టుకోగల వేటగాడు పాము. పుట్టకు మ్రొక్కే ఆచారం వ్యవసాయం చేసుకొనే కుటుంబాలలో ఇంత గాఢంగా నిలిచి ఉండడానికి ఈ ఉపకారం కూడా ఒక కారణమని నేను భావిస్తాను.

ఇక్కడ ఒక అపోహను కూడా చెప్పుకోవాలి. జెర్రిపోతు ఆవు కాళ్ళకు చుట్టుకొని పొదుగులో పాలు త్రాగుతుందని మన పల్లెలలో నేటికీ నమ్మేవారున్నారు. చనుమొనను పట్టి పాలు పీల్చడానికి మెత్తని పెదవులు, బుగ్గలు కావాలి. అవి పాముకు లేవు. పైగా దాని పళ్ళు సూదులవలె లోనికి వంగి ఉంటాయి. అవి తగిలితే ఏ ఆవైనా నిలిచి ఉంటుందా? పశువుల కొట్టంలో దాణా ఉన్నది కనుక ఎలుకలు చేరుతాయి, ఎలుకలున్నవి కనుక జెర్రిపోతు వస్తుంది. పాలు తగ్గడానికి కారణం వేరే ఉంటుంది. నింద మాత్రం జెర్రిపోతుపై పడి, దాని ప్రాణం మీదికి వస్తుంది.

ఎలా తింటుంది, ఎంత తింటుంది

పాముకు నమిలే పళ్ళు లేవు. ఆహారాన్ని ముక్కలు చేయలేదు. పట్టిన దానిని పట్టినట్లే మ్రింగవలసిందే. అందుకు తగినట్లే దాని దవడల నిర్మాణం ఉన్నది. మనకు క్రింది దవడ ముందుభాగంలో ఒకే ఎముకగా అతుక్కొని ఉంటుంది. పాముకు ఆ రెండు భాగాలూ సాగే నరం వంటి బంధంతో కలిసి ఉంటాయి. అందువల్ల తన తలకన్న లావైన ఎలుకను కూడా, కుడి దవడను ఒకసారి, ఎడమ దవడను ఒకసారి ముందుకు జరుపుతూ మెల్లగా లోనికి లాక్కొంటుంది. సాధారణంగా తలవైపు నుండి మ్రింగుతుంది. అట్లయితే కాళ్ళు, వెంట్రుకలు వెనుకకు ముడుచుకొని అడ్డు రావు. నోరంతా నిండి ఉన్నప్పుడు ఊపిరి ఆడాలి కనుక, నోటి అడుగు భాగాన ఉండే శ్వాసనాళపు ద్వారాన్ని గొట్టంవలె ముందుకు చాచి గాలి పీలుస్తుంది. ఈ ద్వారం సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. పాల ప్రస్తావన వచ్చినప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

విషం కూడా ముందుగా భోజనం కొరకే. వేటను కదలకుండా చేయడం, దాని దేహంలో జీర్ణక్రియను అప్పుడే ప్రారంభించడం విషం పనులు. మనిషిని కరవడం ఆత్మరక్షణ కొరకు మాత్రమే.

పాము చల్లని రక్తం గల ప్రాణి. దేహంలో వేడి పుట్టించుకోవడానికి మనవలె నిత్యం ఆహారాన్ని వెచ్చించదు. అందుచేత అంతే బరువు గల ఒక క్షీరదానికి కావలసిన ఆహారంలో సుమారు పదోవంతు దానికి సరిపోతుంది. తగిన ఎలుక ఒకటి దొరికితే త్రాచు వారం, పది దినాలు మరల వేట మాట తలపెట్టదు. కొండచిలువ పెద్ద భోజనం తరువాత నెలల తరబడి ఊరక ఉండగలదు. అరగడానికి బయటి వెచ్చదనం అవసరం. బాగా చలి ఉంటే పాము ఆకలి మందగిస్తుంది. మ్రింగినది అరగక కక్కివేస్తుంది కూడా. రెంటచింతల వంటి చోట్ల వేసవి ఎండకు తాళలేక అది పగలంతా బిలంలో దాగి, రాత్రి బయటకు వస్తుంది. కుబుసం విడిచే ముందు కళ్ళపై పాలవంటి పొర కమ్ముకొని చూపు మందగించినప్పుడు చాలా పాములు ఆహారం ముట్టవు.

విదేశాలలోని పెంపుడు పాములు

పామును ఇంట పెంచుకొనే అలవాటు అమెరికా, ఐరోపా దేశాలలో ఉన్నది. అక్కడ స్థిరపడిన మన పిల్లలు కొందరు తమ తరగతి గదులలోనో, స్నేహితుల ఇళ్ళలోనో చూసి ఆ మాట మనకు చెబుతుంటారు. అక్కడ ఎక్కువగా పెంచేవి విషం లేని కార్న్ స్నేక్, బాల్ పైథాన్ వంటివి. వాటికి పాలు, అన్నం పెట్టరు. ఆహారం కొరకే పెంచి, చంపి, గడ్డకట్టించిన ఎలుకలను దుకాణాలలో అమ్ముతారు. వాటిని కరిగించి, గోరువెచ్చగా చేసి, పొడవైన పట్టకారుతో అందిస్తారు. ఎలుక లావు పాము నడుము లావును మించకుండా చూస్తారు. పిల్లపాముకు వారానికొకసారి, పెద్దపాముకు పది, పదిహేను దినాలకొకసారి పెడతారు. తిన్న తరువాత రెండు దినాలు దానిని చేతితో తాకరు. తాకితే బెదరి కక్కివేస్తుంది. గిన్నెలో మంచినీళ్ళు మాత్రం ఎల్లప్పుడూ ఉంచుతారు. ఇంత శ్రద్ధ చూపినా బాల్ పైథాన్ ఒక్కొక్కసారి నెలల తరబడి ఆహారం ముట్టక యజమానులను కలవరపెడుతుంది. మన జంతుప్రదర్శనశాలలలోని పాములకు పెట్టేదీ ఎలుకలు, కోడిపిల్లల వంటి ఆహారమే.

దాతగారి అద్దాల గదికి కూడా ఇదే వర్తిస్తుంది. ఆ త్రాచు బ్రతకాలంటే దేవాలయ ప్రాంగణంలో వారం వారం ఒక ఎలుకను దానికి ఆహారంగా వేయవలసి ఉంటుంది. అది మన ఆలయ సంప్రదాయానికి సమ్మతం కాదు. ఎలుక వేయక పాలు మాత్రమే పోస్తే ఆ పాము మరణిస్తుంది. ఈ రెండింటి నడుమ మూడవ దారి లేదు.

పాలు త్రాగించితే ఏమవుతుంది

తల్లిపాలు త్రాగి పెరిగేవి క్షీరదాలు మాత్రమే. పాముపిల్ల గుడ్డు నుండి గాని, రక్తపింజరి వంటి వాటిలో తల్లి కడుపు నుండి గాని వెలువడిన నాటి నుండే వేటాడుతుంది. పాలతో దానికి ఏ దశలోనూ పని లేదు. పాలలోని చక్కెరను అరిగించుకొనే ఏర్పాటు దాని పొట్టలో లేదు.

మరి బుట్టలోని పాము పాలు త్రాగడం మనం కళ్ళారా చూశాం కదా అని ప్రశ్న రావచ్చు. పండుగకు ముందు దానిని వారాల తరబడి నీరు, ఆహారం లేకుండా మాడ్చి ఉంచుతారు. దాహంతో శోషించిన ప్రాణి ఎదుట ఏ ద్రవం ఉంచినా నోరు ముంచుతుంది. అది భక్తికి ప్రసన్నమై త్రాగడం కాదు, దాహం తాళలేక త్రాగడం. మూతి పట్టి బలవంతంగా పోసినప్పుడు, ఇందాక చెప్పిన శ్వాసనాళపు ద్వారం గుండా పాలు ఊపిరితిత్తిలోకి పోతాయి. పాములలో చాలావాటికి పనిచేసే ఊపిరితిత్తి ఒక్కటే. అది చెడితే ఆ జీవికి మరో ఆధారం లేదు.

కోరలు తీసిన పాము మాట చెప్పాలి. నేను ఒక యాత్రాస్థలంలో బుట్టలోని త్రాచు నోటిని దగ్గరగా పరిశీలించాను. చిగుళ్ళు చీము పట్టి ఉన్నాయి. కోరలు ఊడబెరికిన చోట పుండ్లు మానలేదు. వెన్నెముక చర్మం క్రింద గట్టుగా తేలి ఉన్నది. పాము కోరలు ఊడితే వాటి స్థానంలో కొత్తవి వస్తాయి. అందుచేత మళ్ళీ మళ్ళీ పెరుకుతారు. కోర లేని త్రాచు వేటాడలేదు. పొలంలో విడిచిపెట్టినా అది ఆకలితో చావవలసిందే. దాని ముందు పళ్ళెంలో నాణేలు, పసుపు కుంకుమలు ఉన్నాయి. నమస్కరించిన వారిలో ఎవరి మనసులోనూ హింస లేదు. తెలియకపోవడమే ఉన్నది.

‘పాముకు పాలు పోసి పెంచినట్టు’ అని కృతఘ్నులను గురించి సామెతగా అంటాం. పాలు పోసి పెంచిన పాము పెరగదు, చస్తుంది. సామెత చెప్పే నీతి మనుషులకు సంబంధించినదే గాని, పాము పోషణకు సంబంధించినది కాదు.

చట్టం, ధర్మం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం త్రాచు, జెర్రిపోతు, రక్తపింజరి, కొండచిలువ వంటి మన దేశపు పాములను పట్టడం, బంధించడం, ఇంట పెంచడం, అమ్మడం నేరం. అదృష్టం తెస్తుందన్న ప్రచారంతో రెండుతలల పామును కొనడం, అమ్మడం కూడా నేరమే. ఆలయాలకు ఇందులో మినహాయింపు లేదు.

పాములాడించి పొట్టపోసుకొనే కుటుంబాల మాట కూడా ఆలోచించాలి. వారికి పామును గురించి తెలిసినంత మనకు తెలియదు. తమిళనాడులో ఇరుల గిరిజనులు 1978లో సహకార సంఘంగా ఏర్పడి, ప్రభుత్వ అనుమతితో పాములను పట్టి, విషం సేకరించి, తిరిగి విడిచిపెడుతున్నారు. ఆ విషం పాముకాటు మందు తయారీకి ఉపయోగపడుతున్నది. ఆ కుటుంబాలకు బియ్యమో, వస్త్రమో, పిల్లల చదువుకు సాయమో అందించడం పళ్ళెంలో నాణెం వేయడం కన్న గొప్ప దానం.

ధర్మం మాటకు వస్తే, మహాభారతం ఆదిపర్వంలోనే దీనికి సమాధానం ఉన్నది. జనమేజయుడు తలపెట్టిన సర్పయాగాన్ని ఆస్తీక మహర్షి ఆపి, నాగజాతిని కాపాడాడు. నాగపూజకు మూలమైన కథ సర్పరక్షణ కథ. పుట్ట వద్ద పాలు సమర్పించడం నాగేంద్రునికి నివేదన. పట్టి తెచ్చిన పాము గొంతులో పాలు పోయడం ఆ నివేదనలో భాగం కాదు, ఎన్నడూ కాలేదు.

ఈ చవితికి

నివేదన స్వామికి అందడానికి ఒక చెంచాడు పాలు చాలును. బిందెలతో కన్నంలోకి పోస్తే లోపలి మట్టి తడిసి, పుల్లని వాసన పట్టి, ఆ బిలంలో ఉన్న జీవికి నిలువ నీడ లేకుండా పోతుంది. పసుపు, కుంకుమ, కర్పూరం, అగరువత్తులు కన్నంలోనికి వేయరాదు. పుట్టపై బాణసంచా కాల్చరాదు. కన్నంలో చేయి పెట్టరాదు. పిల్లలను పెట్టనీయరాదు. గ్రుడ్లు, చలిమిడి అక్కడే వదలివస్తే ఎలుకలు చేరుతాయి, ఎలుకల వెంట పాము వస్తుంది. కనుక నివేదన చేసి ప్రసాదంగా తిరిగి తీసుకొనిపోవడం మంచిది. చీకటిలో వెళ్ళేవారు చేతిలో దీపం ఉంచుకోవాలి.

2000 నుండి 2019 వరకు ఇరవై సంవత్సరాలలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అనగా ఏటా సగటున 58,000 మంది మరణించారని పరిశోధకుల అంచనా. వారిలో అధికులు పల్లెలలోనివారే. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం చేయరాదు. కరచిన అవయవాన్ని కదలనీయక, 108కి ఫోన్ చేసి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఒకటే ఉన్నది. పాము ఏదో తెలియలేదని ఆగవలసిన పని లేదు. దానిని వెదకి చంపవలసిన పనీ లేదు.

మా సూచనలను విన్న పిమ్మట దాతగారు అద్దాల గది ఆలోచనను సంతోషంగా విరమించుకొన్నారు. ఆ ద్రవ్యంతో పుట్టకు వెళ్ళే బాటలో దీపాలు, పుట్ట చుట్టూ దూరంగా ఒక కంచె, దాని ముందు శిలానాగ ప్రతిష్ఠ జరుగనున్నాయి. భక్తులు తెచ్చే పాలలో చెంచాడు నాగశిలకు అభిషేకం చేసి, మిగిలినవి శుభ్రమైన పాత్రలో సేకరించి పరమాన్నంగా వండి, ఆనాటి అన్నప్రసాదంలో వడ్డిస్తారు. పొలం పనులకు రాత్రివేళ వెళ్ళే కూలీలకు చేతిదీపాలు, మోకాటి వరకు వచ్చే బూట్లు ఇవ్వదలచిన దాతలు ఆలయ కార్యాలయంలో తెలుపవచ్చును.

పుట్టలోని నాగయ్య తన ఆహారాన్ని తానే వెదుక్కొంటాడు. మన పొలాన్ని కాపాడుతూ వెదుక్కొంటాడు. ఆయనను ఆయన చోట ఉండనివ్వడమే మనం సమర్పించగల నైవేద్యం. నాగేంద్రుని అనుగ్రహం భక్తులందరికీ, వారి పాడిపంటలకూ కలుగుగాక.